రాత్రంతా దోమతెరలోనే పడుకున్నాడు, అయినా డెంగీ ఎలా వచ్చింది?

బుజ్జిగాడి అమ్మ | సోమవారం, ఉదయం 7:40

మా వాడికి ఆరేళ్ళు. శనివారం జ్వరం మొదలైంది, నిన్న డెంగీ రక్తపరీక్ష (ఎన్‌ఎస్1) పాజిటివ్ అని వచ్చింది. డాక్టర్ గారు ప్రస్తుతానికి ఇంట్లోనే ఉంచి చూసుకోమన్నారు, రోజూ రక్తపరీక్షకి తీసుకురమ్మన్నారు. కాబట్టి మందుల గురించి అడగడం లేదు. నా బాధ వేరే.

వీడు పుట్టినప్పటి నుంచి దోమతెర లేకుండా ఒక్క రాత్రి పడుకోలేదు. కిటికీలన్నిటికీ మెష్ కొట్టించాం. సాయంత్రం ఆరయ్యేసరికి తలుపులు బిగించేస్తాం. దగ్గర్లో మురిక్కాలవ కూడా లేదు. ఇంత చేసినా ఎలా వచ్చింది? ఇంట్లో పది నెలల పాప ఉంది. దానికైనా రాకుండా ఏం చెయ్యాలి? రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పగటినిద్ర | సోమవారం, ఉదయం 8:02

ఆరింటికి తలుపులు బిగిస్తారా? అప్పటికే ఆ దోమ భోంచేసి వెళ్ళిపోయి ఉంటుందండీ.

ఎగతాళి కాదు, మేమూ అలాగే మోసపోయాం. డెంగీ దోమ ఈడిస్ రాత్రి తిరిగేది కాదు. పొద్దున్నే వెలుతురు వచ్చాక ఓ రెండు గంటలు, సాయంత్రం పొద్దుగూకే ముందు ఓ రెండు గంటలు దానికి బాగా ఆకలి. నల్లగా, కాళ్ళ మీద తెల్ల చారలతో ఉంటుంది. చెవి దగ్గర జుయ్యిమని గోల చెయ్యదు. టేబుల్ కింద, సోఫా వెనక, వేలాడే బట్టల చాటున నక్కి ఉండి మడమల మీద, మోచేతుల వెనక కుడుతుంది. పిల్లలు హోంవర్క్ చేసుకునే టైమూ దాని టైమూ ఒకటే.

ఇంకోటి, అది బెదురుగొడ్డు. కాస్త కదిలితే లేచిపోతుంది, కడుపు నిండక పక్కవాళ్ళ మీద వాలుతుంది. అందుకే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వరసగా వస్తుంది.

డ్యూటీ నర్సు | సోమవారం, ఉదయం 8:31

పిల్లల వార్డులో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. బుజ్జిగాడి అమ్మగారూ, పాప గురించి అడిగారు కదా, దానికి జవాబు బాబు దగ్గరే ఉంది.

ఇప్పుడు వాడి రక్తంలో వైరస్ ఉంది. ఈ వారంలో వాడిని కుట్టిన దోమ దాన్ని ఎక్కించుకుంటుంది. వెంటనే ఇంకొకరికి ఇవ్వలేదు, వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలం దాకా రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కుట్టినవాళ్ళకి అంటించగలదు. కాబట్టి బాబుని *పగలు కూడా* తెరలో ఉంచండి. పాప మధ్యాహ్నం నిద్రకీ తెర వెయ్యండి. అన్నాచెల్లెళ్ళని విడిగా పెట్టక్కర్లేదు, తాకితే అంటుకునేది కాదిది. వాళ్ళిద్దరి మధ్యా దోమ ఉండకూడదు, అంతే.

మందులు అడగలేదన్నారు గానీ ఒక్కటి చెప్పి తీరాలి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువును బట్టి డాక్టర్ రాసిన మోతాదులోనే. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ దగ్గరికి రానివ్వకండి, రక్తస్రావం పెరుగుతుంది. ఇంట్లో పాత సీసా ఏదైనా ఉంటే దాని మీద ఏం రాసుందో ఒకసారి చదవండి.

ఇంకా ముఖ్యమైనది: జ్వరం తగ్గగానే సంబరపడకండి. డెంగీలో గండం మొదలయ్యేది అప్పుడే. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య టెంపరేచర్ దిగుతుంది, ఆ తర్వాత 24 నుంచి 48 గంటలు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడాలి. కడుపులో గట్టిగా నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మగతగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుపడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి పరీక్ష దాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా బయల్దేరండి.

బుజ్జిగాడి అమ్మ | సోమవారం, ఉదయం 9:15

నర్సమ్మా, చాలా చాలా థాంక్స్. జ్వరం తగ్గాక ఇంకేం భయం లేదనే అనుకుంటున్నాను ఇప్పటిదాకా. పాపకి ఇప్పుడే తెర కట్టేశాను.

గాలిమాట | సోమవారం, ఉదయం 9:40

ఇవన్నీ ఎందుకండీ, ఫోన్లో ఒక యాప్ ఉంది. మనకి వినపడని శబ్దం వదులుతుంది, దోమలు పరార్.

ఇద్దరు గడుగ్గాయిలు | సోమవారం, ఉదయం 9:44

ఆ యాప్ మా ఆయన కూడా పెట్టుకున్నారు. దోమ వచ్చి ఫోన్ మీదే వాలింది.

కొత్త నాన్న | సోమవారం, మధ్యాహ్నం 1:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకి నెలా ఇరవై రోజులు. దోమల క్రీమ్ రాయొచ్చా? డబ్బా మీద చంటిపిల్ల బొమ్మ ఉంది కానీ వయసు ఎక్కడా కనపడలేదు.

నిమ్మగడ్డి | సోమవారం, మధ్యాహ్నం 1:25

కెమికల్స్ వద్దు బ్రో. నిమ్మ యూకలిప్టస్ నూనె రాయండి, సహజమైనది, ఏ హానీ ఉండదు.

డ్యూటీ నర్సు | సోమవారం, మధ్యాహ్నం 2:50

నిమ్మగడ్డి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు గానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆ నూనె నుంచి తయారైన రిపెల్లెంట్‌ని మూడేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగా చెబుతోంది. మీరు భయపడే కెమికల్, దోమల క్రీముల్లో ఉండే డీట్‌ని మాత్రం రెండు నెలలు నిండిన పిల్లలకి వాడొచ్చు, 30 శాతం మించకుండా. సహజం అన్నంత మాత్రాన చంటిపిల్లకి మంచిదని కాదు.

కొత్త నాన్న గారూ, మీ పాపకి రెండు నెలలు నిండలేదు కాబట్టి ఏ క్రీమూ వద్దు. ఉయ్యాలకీ, బయటికి తీసుకెళ్ళే బండికీ అంచులు బిగుతుగా ఉండే తెర, కాళ్ళూ చేతులూ కప్పే పల్చటి నూలు బట్టలు చాలు. దోమ ఎగరడంలో బలహీనం, ఫ్యాన్ గాలికి తట్టుకోలేదు, అదీ కలిసొస్తుంది.

రెండు నెలలు దాటాక రాసేటప్పుడు: ముందు మీ అరచేతిలో వేసుకుని తర్వాత పాపకి రాయండి. పాప చేతులకి రాయొద్దు, అవి నేరుగా నోట్లోకే వెళ్తాయి. కళ్ళ చుట్టూ, పుండ్ల మీద వద్దు. బట్టల కింద వద్దు. ఇంట్లోకి రాగానే సబ్బుతో కడిగేయండి. శాతం ఎక్కువైతే దోమ ఎక్కువ పారిపోతుందని కాదు, ఎక్కువసేపు పనిచేస్తుంది. 10 శాతం డీట్ సుమారు రెండు గంటలు, 30 శాతం సుమారు ఐదు గంటలు. అరగంట పార్కుకి అంత గాఢత అనవసరం.

కొత్త నాన్న | సోమవారం, మధ్యాహ్నం 3:05

నిన్ననే పాప అరచేతుల నిండా పులిమాను మేడం. ఇప్పుడే కడిగేశాం. తెర కోసం బయల్దేరుతున్నా.

లెక్కల మాస్టారు | సోమవారం, సాయంత్రం 5:30

కాయిల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? తలుపులన్నీ మూసి, మంచం కింద కాయిల్ వెలిగించి పిల్లల్ని పడుకోబెట్టే ఇళ్ళు ఎన్ని చూశానో. 2003లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత. ఉబ్బసం ఉన్న పిల్లాడున్న ఇంట్లో ఇది దోమ కన్నా ముందు ప్రాణం తీస్తుంది. వెలిగించక తప్పకపోతే ఆరుబయట, గాలి ఆడే చోట పెట్టుకోండి.

ఇద్దరు గడుగ్గాయిలు | సోమవారం, రాత్రి 9:20

మాస్టారూ, మేం అందుకే కాయిల్ మానేసి ప్లగ్‌కి పెట్టే లిక్విడ్‌కి మారాం. దాని కథ కూడా వినండి.

రెండేళ్ళ కిందట మా చిన్నోడికి ఏడాదిన్నర. నేల దగ్గరున్న ప్లగ్‌లో మెషీన్ పెట్టాను. వంటింట్లోంచి వచ్చేసరికి సీసా ఊడదీసి, ఆ వత్తి చప్పరిస్తూ కూర్చున్నాడు. ఒకటే దగ్గు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా అత్తయ్య వాంతి చేయించమని ఉప్పునీళ్ళు కలిపేశారు. ఫోన్లో డాక్టర్ ఒకటే అరుపు, వాంతి చేయించొద్దు, అలాగే సీసాతో సహా తీసుకురండి అని. ఆ లిక్విడ్‌లో కిరోసిన్ లాంటి ద్రావకం ఉంటుందట, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందట. ఒక రోజంతా పరిశీలనలో ఉంచారు. ఏమీ కాలేదు, మా అదృష్టం. అప్పటి నుంచి మెషీన్ నా తల కన్నా ఎత్తున ఉంటుంది, రీఫిల్స్ బీరువాలో.

డ్యూటీ నర్సు | సోమవారం, రాత్రి 9:48

ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. కర్పూరం ముద్దలు కూడా అంతే, పిల్లలు మింగితే కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. పక్క మీద, దిండు కింద పెట్టకండి.

వీధిచివర | మంగళవారం, ఉదయం 7:10

మా దగ్గర నెలరోజులుగా మొర పెట్టుకుంటున్నాం, పొగ బండి పంపరు. పిల్లలు పడిపోతుంటే అప్పుడొచ్చి ఫొటో దిగి వెళ్తారు.

లెక్కల మాస్టారు | మంగళవారం, ఉదయం 7:35

పొగ వేస్తే ఆ పూట ఎగురుతున్న దోమలు చస్తాయి. నీళ్ళలో ఉన్న దోమ పిల్లలకి దాని వాసన కూడా తగలదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చటి కాలంలో వారం, పది రోజులు. అంటే ఈ సోమవారం పొగ వేస్తే వచ్చే సోమవారానికి కొత్త బ్యాచ్ రెడీ.

నేను బడి పిల్లలకి చెప్పే పాఠం ఇది. పారదర్శకంగా ఉండే గ్లాసులో దోమ పిల్లలున్న నీళ్ళు పోసి చూపిస్తాను. తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంటాయి, తోక చివర గొట్టంతో గాలి పీలుస్తాయి. గ్లాసు మీద నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకి పారిపోతాయి. మలేరియా దోమ పిల్లలైతే వేలాడవు, నీటి మట్టానికి సమాంతరంగా పడుకుంటాయి. ఒక్కసారి చూసిన పిల్లాడు ఇంట్లో ఏ డబ్బానీ వదలడు, తల్లిదండ్రుల ప్రాణం తీస్తాడు.

అసలు చిక్కు గుడ్లతో. ఈడిస్ గుడ్లని నీళ్ళలో వదలదు, నీటి గీతకి కాస్త పైన, గిన్నె గోడకి అంటిస్తుంది. ఆవగింజలో సగం కూడా ఉండవు, మసి చుక్కల్లా కనపడతాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు పోసి మునిగితే పొదుగుతాయి. అందుకే వారానికోసారి నీళ్ళు పారబోస్తే సరిపోదు, గోడలు పీచుతో తోమాలి. సగం మంది ఇక్కడే తప్పుతారు.

పగటినిద్ర | మంగళవారం, ఉదయం 8:00

మాస్టారికి జోడిస్తున్నా, జనం మర్చిపోయే చోట్లు: ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు, ఏసీ నీళ్ళు కారే బకెట్, ఎవరూ వాడని బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు, డ్రమ్ము మీద కప్పిన పట్టా గుంటపడిన చోట నిలిచిన నీళ్ళు. మురిక్కాలవ లేదని ధీమా వద్దు. మురుగులో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ అనే వేరే దోమ, డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నిలవ నీళ్ళలో పెరుగుతుంది.

సముద్రం అవతల | మంగళవారం, మధ్యాహ్నం 12:15

చర్చ అంతా పగటి దోమ మీద నడుస్తోంది, అందుకే చెబుతున్నా, ఇది చదివి ఎవరూ రాత్రి తెర తీసేయొద్దు. మా ఆయన ఉద్యోగం వల్ల మేముండే చోట మలేరియా ఎక్కువ. ఆ దోమ అనాఫిలిస్, రాత్రే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2023లో మలేరియాతో 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. ఆఫ్రికా ప్రాంతంలో జరిగిన మలేరియా మరణాల్లో నాలుగింట మూడొంతులు ఐదేళ్ళలోపు పిల్లలవే. మొదటిసారి ఆ లెక్క చదివినప్పుడు పక్కలో నిద్రపోతున్న మా పాపని చూసుకుని ఏడ్చేశాను.

ఇక్కడ మందు పట్టించిన తెరలు వాడతాం. మామూలు తెరలో పిల్ల మోచెయ్యి తెరకి ఆనితే దోమ బయటి నుంచే కుట్టేస్తుంది. మందు తెర మీద వాలితే దోమే పడిపోతుంది. తెర అంచుల్ని పరుపు కిందికి దోపాలి. ఎక్కువ గాఢత లేని సబ్బుతో ఉతికి నీడలో ఆరెయ్యాలి, ఎండకి మందు పోతుంది.

పాపకి మలేరియా టీకా కూడా వేయించాం, నాలుగు డోసులు. 2021లో ఆర్‌టీఎస్,ఎస్, 2023లో ఆర్21 టీకాలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు వచ్చింది. టీకా వేయించామని తెర మానలేదు, ఆ టీకా పూర్తి కవచం కాదు.

కొత్త నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 12:40

మరి డెంగీకి టీకా లేదా?

డ్యూటీ నర్సు | మంగళవారం, సాయంత్రం 4:05

ఉంది. డెంగీ బాగా ఎక్కువున్న చోట్ల 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి, మూడు నెలల తేడాతో రెండు డోసులుగా ఒక టీకాని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సిఫార్సు చేసింది. అన్ని దేశాల్లోనూ దొరకదు, మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. దోమ కాటుతోనే వచ్చే జపనీస్ మెదడువాపుకి టీకా మాత్రం, ఆ జబ్బు తిరిగే ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు తప్పకుండా వేయించండి. దాన్నుంచి బయటపడిన పిల్లల్లో చాలామందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది. నేను చూశాను, వివరాలు రాయలేను.

బుజ్జిగాడి అమ్మ | బుధవారం, ఉదయం 6:50

జ్వరం లేదు. రాత్రి నుంచి 98.4. కానీ వాడు ఆడుకోవడం లేదు, లేపితే విసుక్కుని మళ్ళీ ముడుచుకుంటున్నాడు. కడుపు దగ్గర చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ప్లేట్‌లెట్లు నిన్న 90 వేలు. మా బంధువులు ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఒకటే ఫోన్లు, ఇంకొకరు ఏదో ఆకు రసం పంపిస్తామంటున్నారు.

డ్యూటీ నర్సు | బుధవారం, ఉదయం 6:54

ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్ళండి. మగత, కడుపునొప్పి రెండూ ఉన్నాయి. రసాలు ఏవీ తాగించొద్దు. వెళ్ళాక రాయండి.

లెక్కల మాస్టారు | బుధవారం, ఉదయం 7:20

వెళ్ళారని అనుకుంటున్నాను తల్లీ. జాగ్రత్త.

వీధిచివర | బుధవారం, ఉదయం 10:30

90 వేలు అంటే ఎక్కించక్కర్లేదా? మా తమ్ముడికి 40 వేలున్నప్పుడు దాతల కోసం రాత్రంతా తిరిగాం.

డ్యూటీ నర్సు | బుధవారం, రాత్రి 10:10

డ్యూటీ దిగి ఇప్పుడే చూస్తున్నా. రక్తస్రావం లేకుండా అంకె చూసి ఎక్కించడం వల్ల లాభం లేదనే ఇప్పటి వైద్యం చెబుతోంది. డెంగీలో పిల్లల్ని ఎక్కువగా దెబ్బతీసేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. అందుకే మేం ప్లేట్‌లెట్ల కన్నా హిమాటోక్రిట్, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె, ఎక్కువగా చూస్తాం. సరైన సమయంలో, సరైన కొలతలో సెలైన్ పడితే చాలామంది పిల్లలు రెండు రోజుల్లో లేచి కూర్చుంటారు. బంధువులు ఒకే అంకె పట్టుకుని కారిడార్లో పరుగులు పెడుతుంటారు. పిల్లాడు మూత్రం పోశాడా అని అడిగేవాళ్ళే ఉండరు.

బుజ్జిగాడి అమ్మ | శనివారం, ఉదయం 11:00

ఇంటికి వచ్చేశాం. బుధవారం వెళ్ళగానే సెలైన్ పెట్టారు. సాయంత్రానికి చేతులు చల్లబడ్డాయి, ఆ రాత్రి నాకు గుర్తు చేసుకోవాలని లేదు. శుక్రవారం పొద్దున కళ్ళు తెరిచి ఆకలి అన్నాడు. ప్లేట్‌లెట్లు 62 వేల దాకా దిగి వాటంతట అవే పైకొచ్చాయి, ఎక్కించలేదు. నర్సమ్మా, ఆరోజు మీరు ఆ నాలుగు ముక్కలు రాయకపోతే నేను సాయంత్రం దాకా ఆగేదాన్నే.

పాప బాగానే ఉంది. పగలూ రాత్రీ తెరలోనే. బయటికి రావాలని గోల.

పగటినిద్ర | శనివారం, ఉదయం 11:25

హమ్మయ్య. రోజుకి పదిసార్లు ఈ పేజీ తెరిచి చూస్తున్నాను. ఒక మాట, డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోతే ఆ రకం మళ్ళీ రాదు, మిగతా మూడు రావచ్చు, రెండోసారి తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. భయపెట్టడానికి కాదు గానీ ఇంట్లో ఒకసారి వెతకండి. స్కూల్లో కుట్టిందేమో కూడా, పొడుగు ప్యాంటూ సాక్సులూ వేయించండి.

బుజ్జిగాడి అమ్మ | ఆదివారం, సాయంత్రం 6:15

వెతికాం. ఫ్రిజ్ ట్రే పొడిగా ఉంది. కూలర్ లేదు. బాల్కనీ శుభ్రం. ఇక మా ఇంట్లో కాదులే అనుకుని వాడి పుస్తకాలు సర్దుతుంటే కనిపించింది.

వాడి చదువుకునే బల్ల మీద ఒక గాజు సీసా. అందులో మనీప్లాంట్ కొమ్మ. స్కూల్లో సైన్సు క్లాసులో వేర్లు ఎలా వస్తాయో చూడమని ఇచ్చారు. వాడికి ప్రాణం, రోజూ వేర్లు లెక్కపెడతాడు. నీళ్ళు తగ్గినప్పుడల్లా నేనే పోస్తున్నాను, పైపైన. ఒక్కసారి కూడా కడగలేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వేర్ల మధ్య ఆరేడు, మాస్టారు చెప్పినట్టే తలకిందులుగా. సీసా కదలగానే మెలికలు తిరుగుతూ అడుగుకి దిగాయి. గాజు మీద నీటి గీతకి పైన మసి చుక్కలు. నేను నీళ్ళు పోసిన ప్రతిసారీ వాటిని ముంచాను. ఆ బల్ల కిందే వాడు రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి చెప్పుల్లేకుండా కూర్చుంటాడు.

వాడిని కుట్టింది ఇక్కడి దోమేనో, స్కూల్లోదో ఎవరు చెప్పగలరు. కానీ నేను సాయంత్రం తలుపులు బిగించి వాటిని లోపల పెంచాను.

లెక్కల మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:40

నిన్ను నువ్వు తిట్టుకోకు తల్లీ. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూసేదాకా, చదువుకున్న డాక్టర్లలో కూడా కొందరు చెడు గాలి వల్లే జ్వరం వస్తుందనుకున్నారు. మలేరియా అనే మాటకి అర్థమే చెడు గాలి. నువ్వు వారంలో కనిపెట్టావు. ఆ సీసా ఏం చేశావు?

బుజ్జిగాడి అమ్మ | ఆదివారం, రాత్రి 8:05

వేడినీళ్ళు పోసి, తోమి, పారేశాను మాస్టారూ. కొమ్మ కోసం ఏడుస్తున్నాడు, అందుకని దాన్ని కుండీలో మట్టిలో నాటించాను. వాడి చేతులతోనే.

పగటినిద్ర | ఆదివారం, రాత్రి 8:09

కుండీ కింద పళ్ళెం పెట్టారా?

బుజ్జిగాడి అమ్మ | ఆదివారం, రాత్రి 8:12

పెట్టాను. ఆగండి, తీసేసి వస్తా.